జోడీని కింద వదిలి

విశాఖ బీచ్‌లో హెలికాప్టర్ ఎక్కడానికి వరుసలో నిలబడితే, నా ముందున్న పెద్దమనిషి ఫోన్‌లో "బువ్వ తిన్ననే, ఫికర్ చెయ్యకు" అంటున్నాడు. ఇంటికి అంత దూరాన మన మాట వినిపిస్తే ఊరుకోలేకపోయాను. మాది కరీంనగర్ అని పలకరించాను. ఆయనది మందమర్రి, పేరు రాజమల్లు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడట.

ఎక్కేముందు ఆయన వంగి, హెలికాప్టర్ గడపను తాకి కళ్ళకద్దుకున్నాడు. బాయిలోకి దిగేముందు రోజూ అట్లాగే చేసేవాడట.

పైకి లేచాక నేను సముద్రాన్నీ, ఒడ్డు వెంట మెలికలు తిరిగిన రోడ్డునీ ఫోన్‌లో ఫొటోలు తీస్తూనే ఉన్నాను. ఆయన మాత్రం మేం బయల్దేరిన చోటునే చూస్తూ కూర్చున్నాడు.

దిగాక అడిగాను. "భయమైందా కాకా?"

"భయం గాదు బిడ్డా. బాయిల నేను, పోశం ఒకటే జోడీ. రిటైరైనంక ఒక్కసారన్న ఆకాశంల తిరుగుదమని గా చీకట్లనే అనుకునేటోళ్ళం. తీరా రిటైరైనంక రేపు, మాపు అనుకుంటనే ఉంటిమి. మొన్న ఎండకాలం ఆడు పోయిండు."

"పోనీ, నువ్వన్న చూస్తివి గదా కాకా" అంటూ ఫొటోలు చూపించబోయాను.

ఆయన ఫోన్ వైపు చూడలేదు.

"బాయిల జోడీగాన్ని కింద ఇడిసిపెట్టి ఎవ్వడు పైకి రాడు బిడ్డా. నేను గిన్నేండ్లల్ల ఎన్నడు రాలే. ఇయ్యాలనే ఒక్కన్ని పైకి వచ్చిన."