మడకశిర బస్సులో రోకలిబండలు

నా వల్ల ఒక పరిశోధన నేలపాలైందంటే మాటవరసకు అంటున్నాననుకుంటారు. నిజంగానే నేలమీద పడింది, మడకశిర బస్సులో.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో అనంతపురంలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదివేవాణ్ణి. వసుంధర మేడం, ఆమె భర్త రామాంజనేయులు సార్ ఇద్దరూ మాకు పాఠాలు చెప్పేవారు. వాళ్ల కాపురంలో ఒకటే తగువు: చదును వీపు రోకలిబండలు, అంటే తేమలో పాకే బోలెడు కాళ్ల పురుగులు. గుత్తి కొండవీ, మడకశిర రాళ్ల కిందివీ వేరువేరు జాతులని మేడం. ఒకటేనని సార్. మేడం ఏళ్ల తరబడి రాసిన వ్యాసం అచ్చుకు వెళ్లాలంటే రెండుచోట్లవీ ప్రాణంతో పక్కపక్కన పెట్టి చూడాలి. నేను మేడం పక్షం. తొలకరి పడగానే గుత్తిలో పట్టినవాటిని ఒక డబ్బాలో, మడకశిరలో పట్టినవాటిని ఇంకో డబ్బాలో వేసుకుని, రాజ్యం జయించినవాడిలా బస్సెక్కాను.

వీటిని కుదిపితే బాదం వాసన వేస్తాయి. పక్కసీటు పెద్దమ్మ ముక్కు ఎగబీల్చింది.

"బాదంపాలు యాడ కొన్నావప్పా? వాసన కమ్మగుండాది."

"పాలు కాదు పెద్దమ్మా, పురుగులు."

"పురుగులకు బాదం వాసనా? నన్ను ఆటపట్టిస్తాండావా?"

చదువుకున్నవాడికి ఇంతకంటే అవమానం ఉంటుందా, మీరే చెప్పండి. రెండు మూతలూ తీసి ఉపన్యాసం మొదలుపెట్టాను. అప్పుడే బస్సు గుంతలో పడింది. డబ్బాలు ఎగిరిపడ్డాయి. పెద్దమ్మ సీటెక్కి నిలబడింది. నేను జనం కాళ్ల మధ్య పాకుతూ, దొరికినవన్నీ ఒకే డబ్బాలోకి ఊడ్చుకున్నాను.

"కలిసిపోయినాయి మేడం," అన్నాను, వాళ్లింట్లో డబ్బాను బల్లమీద పెడుతూ.

"కలిస్తే ఏమి? నేను చూస్తే విడిపోవా?" అని ఆమె భూతద్దం అందుకున్నారు.

కాసేపటికి ఆమె చెయ్యి నెమ్మదించింది. ఒకదాన్ని గుత్తి పళ్లెంలో వేస్తారు, మళ్లీ తీసి మడకశిర పళ్లెంలో వేస్తారు. ఒక్కటైనా నోరు విప్పి సొంతూరు చెబితేనా. గెలుస్తున్న సార్ మాత్రం బల్లదీపం ఆమె దగ్గరికి జరిపారు. "ఇంకోసారి చూడు, తొందరేం లేదు," అన్నారంతే.

మేడం భూతద్దం దించి సార్ వైపు తిరిగారు. "ఏది ఏ ఊరిదో తెలిసినన్నాళ్లూ నాకు తేడా కనపడినాది. తెలియకపోతే కనపడలేదు. ఇవి ఒకటే. నా వ్యాసం పంపను. మీరు చెప్పిందే రాద్దాం."

అన్నేళ్ల కష్టం పోయిన మనిషి ముఖం చిన్నబోతుందనుకున్నాను. కొత్త పురుగు దొరికినంతగా వెలిగిపోతోంది. అంత గొప్పగా ఓడిపోయిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

"అంతా నా వల్లే మేడం," అన్నాను ఏడుపుగొంతుతో.

"నీ వల్లే. మా ఇద్దరికీ తెగనివి ఇంకా శానా ఉండాయి. జెర్రులు, తేళ్లు. వాటిని కూడా ఇట్లే బస్సులో పారబోసుకుని రాప్పా."

ఆ క్షణమే నిండు మనసుతో ప్రతిజ్ఞ చేశాను: మొగుడూ పెళ్లాల తగువు తీర్చడానికి ప్రాణమున్న సాక్షులను వెంటబెట్టుకుని ఈ జన్మలో బస్సెక్కనని.