పురుగుల్లేని తట్టలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులకంటే పట్టుపురుగులకు మర్యాద ఎక్కువ. బైరకూరు దగ్గర ఒక పల్లె మాది. పెరటి వైపు పురుగుల కోసమే ఒక గది ఉండేది. దాని గడప ముందు సున్నం పొడి చల్లి ఉంచేవాళ్లు. కాళ్లు కడుక్కోకుండా ఎవరూ దాన్ని దాటకూడదు. బీడీ తాగినవాళ్లు, సారాయి తాగినవాళ్లు దగ్గరికే రాకూడదు. ఆ వాసన తగిలితే పురుగులు మేత మానేసి చస్తాయని మా అవ్వ చెప్పేది. అది ఎంతవరకు నిజమో నాకు తెలియదు గానీ, మా వైపు ఇళ్లలో దేవుడి గదికి కూడా అంత నిష్ఠ ఉండేది కాదు.

మా చిన్నాన్న అంటే నాకు ప్రాణం. సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ముళబాగిలు సంతకు తీసుకుపోయేవాడు. తాగి వచ్చి మా చిన్నమ్మను కొట్టేదీ ఆయనే. ఎనిమిదేళ్ల పిల్లకు అందులో వింతేమీ కనిపించలేదు. చప్పుడు మొదలవగానే మా అవ్వ వెళ్లి వీధి తలుపు మూసేది. అమ్మ నన్ను లోపలికి లాగేది. నాన్న ఆవులకు నీళ్లు పెట్టాలంటూ లేచి బయటికి పోయేవాడు. మరుసటి రోజు చిన్నమ్మ కొంగు నిండుగా కప్పుకుని మల్బరీ ఆకు కోయడానికి పోతే, ఒంటికి ఏమైందని అడిగేవాళ్లు లేరు.

అవ్వకు ఆయన కన్నకొడుకు. కొడుకుని ఆపలేకపోయింది, కోడల్ని చూస్తూ ఊరుకోనూ లేకపోయింది. అందుకని ఒక ఉపాయం పన్నింది. పురుగులు పెద్దవయ్యాయి, రాత్రీ పగలూ మేత వెయ్యాలి అంటూ చిన్నమ్మ పడకను ఆ గదిలోకి మార్చేసింది. చిన్నాన్న తాగి వచ్చినప్పుడల్లా సున్నం గీత దాకా వచ్చి, అక్కడే నిలబడి నాలుగు తిట్లు తిట్టి వెనక్కి పోయేవాడు. పురుగులు చచ్చిపోతాయని భయపడే మనిషికి పెళ్లాం ఏమైపోతుందోనన్న భయం మాత్రం లేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

పురుగులు గూళ్లు కట్టాయి. గూళ్లు మార్కెట్టుకు పోయాయి. మామూలుగా అయితే గది కడిగి కొన్నాళ్లు ఖాళీగా వదిలేస్తాం. ఆసారి అవ్వ అలా చేయలేదు. వెంటనే కొత్త గుడ్లు తెచ్చానంది. పిల్ల పురుగులు కంటికి ఆననంత చిన్నవి కాబట్టి తట్టల మీద మైనం కాగితం కప్పి ఉంచడం మా పద్ధతే. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. చిన్నమ్మ గుప్పెడు లేత ఆకు కోసుకుని లోపలికి పోయేది, ఖాళీ చేతులతో వచ్చేది. ఆ రోజుల్లో ఆమె ముఖం కాస్త తేటపడింది. ఒకసారి నాకు జడ వేస్తూ పాడింది కూడా.

పిల్ల పురుగులను చూడాలని నాకు ఒకటే ఆత్రం. ఒక ఉదయం కాళ్లు శుభ్రంగా కడుక్కుని, ఎవరూ లేనప్పుడు లోపలికి పోయి కాగితం ఎత్తాను. ఎండిపోయిన ఆకు తప్ప ఏమీ లేదు. రెండో తట్ట చూశాను, మూడోది చూశాను. అన్నీ అంతే.

బయట చిన్నాన్న సైకిలు తుడుచుకుంటున్నాడు. ఆ పొద్దు తాగలేదు. ఈసారి గూళ్లు బాగా వస్తే నీకు గౌను కుట్టిస్తానే అన్నాడు నాతో. పాపం, ఈయనకు తెలియదే అని జాలేసింది. ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసిందన్న గర్వం కూడా కొంచెం ఉంది. అబద్ధమెందుకు, కొంచెం కాదు, బాగానే ఉంది.

"పురుగులు యాడుండాయి చిన్నాన్నా? తట్టల్లో ఏమీ లేవు," అన్నాను.

ఆయన నవ్వి, నా బుగ్గ గిల్లి, సైకిలెక్కి పోయాడు. మధ్యాహ్నానికి తాగి వచ్చాడు. ఈసారి సున్నం గీత దగ్గర ఆగలేదు.

నేను తలుపు వెనక నక్కి చెవులు మూసుకున్నాను. అయినా వినిపించింది. ఎదురింటివాళ్లు గడపల్లో నిలబడ్డారు గానీ ఒక్కరూ దిగి రాలేదు. అవ్వ పొలం నుంచి పరుగెత్తుకుని వచ్చేసరికి చిన్నమ్మ ఎడమ చెవి నుంచి రక్తం కారుతోంది. అవ్వ ఆమెకు అడ్డంగా నిలబడి, కొడుకుని గడప బయటికి నెట్టింది. అలవాటుగా వీధి తలుపు వెయ్యబోయి, ఆగి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

"ఊరోళ్లందరూ వినండప్పా! నా కొడుకు నా కోడల్ని కొడతా ఉండాడు. మీకు తెలుసు, నాకూ తెలుసు. ఇన్నాళ్లూ తలుపులేసి దాచినాను. లేని పురుగుల్ని అడ్డం పెట్టి దాచినాను. ఇంగ దాచను. ఈ ఇంట్లో ఉండేది నా కోడలు. పోవాల్సింది వీడు."

అంతసేపూ ఎగిరిన మనిషి, పదిమంది తనవైపు చూసేసరికి తల వంచుకుని నేల మీద కూలబడ్డాడు. అవ్వ బస్సులో చిన్నమ్మను ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు అడిగితే మెట్ల మీద జారిపడిందని చెప్పే కాలం అది. నా కొడుకు కొట్టినాడు, రాసుకోండి అని చెప్పిందట మా అవ్వ. చిన్నాన్న పని వెతుక్కుంటూ కోరమండల్ బంగారు గనుల వైపు పోయాడు. పండక్కి వచ్చినా అరుగు మీద కూర్చుని తిని పోయేవాడు. మళ్లీ ఆ ఇంట్లో చెయ్యెత్తలేదు. చిన్నమ్మకు ఆ చెవిలో వినికిడి మాత్రం తిరిగి రాలేదు.

అవ్వ ఆ రోజు నేర్పిన పాఠం ఇంతకంటే స్పష్టంగా ఏముంటుంది? నేను దాన్ని తలకిందులుగా నేర్చుకున్నాను. నా నోటి వల్లే చిన్నమ్మ చెవి పోయింది కాబట్టి, ఇళ్లలో సంగతులు ఎప్పటికీ నోరెత్తి చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. పెద్దయ్యి టీచరునయ్యాను. ముప్పై ఏళ్ల వయసులో శ్రీనివాసపురం వైపు ఒక పల్లెలో అద్దెకున్నాను. పక్కింట్లో చంటిబిడ్డ తల్లి ఒకామె ఉండేది. గోడకవతల ఏం జరుగుతోందో నాకు తెలుసు. ఒక సాయంత్రం ఆమె బిడ్డనెత్తుకుని వచ్చి, "అక్కా, కాసేపు మీ ఇంట్లో కూర్చోనా?" అని అడిగింది. పరీక్ష పేపర్లు దిద్దుకోవాలని చెప్పాను. ఆమె సరేనక్కా అని వెనక్కి పోయింది. నెల తిరక్కముందే వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. ఎక్కడికి పోయారో ఎవరూ చెప్పలేకపోయారు.

మొన్న వేసవిలో ధైర్యం చేసి, ఎనభై దాటిన మా చిన్నమ్మ కుడి చెవి దగ్గర కూర్చుని, ఆనాడు చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను.

"నాకు ఆ పొద్దే తెలుసు. తలుపు ఎనకాల నువ్వు ఏడుస్తా ఉంటివి కదా," అంది చిన్నమ్మ. "కొట్టింది ఆయప్ప. నువ్వు కాదమ్మా."

ఇప్పుడు నేనుండే వీధిలో ఏ ఇంట్లోంచి అలాంటి చప్పుడు వచ్చినా చెప్పులేసుకుని పోతాను. పెరుగు తోడుకో, అగ్గిపెట్టెకో వచ్చినట్టు నటించను. తలుపు కొట్టి, ఏం జరుగుతోందని అడుగుతాను. మా వీధి ఆడవాళ్లు మరో ఇద్దరు ముగ్గురు నాతో వస్తారు. ఆ ఇంటి ఆడపిల్ల కూర్చుంటానంటే మా ఇంట్లో ఎంతసేపైనా కూర్చోమంటాను. కేసు పెడతానంటే తోడు పోతాను. కొందరు మగవాళ్లు నన్ను చూసి పళ్లు కొరుకుతారు. కొరకనీ.

ఎనిమిదేళ్లప్పుడు నోరు జారినందుకు చిన్నమ్మ నన్ను ఏనాడో క్షమించింది. ముప్పై ఏళ్లప్పుడు నోరు మూసుకున్నందుకు నన్ను క్షమించాల్సిన మనిషి ఎక్కడుందో, అసలు ఉందో లేదో నాకు తెలియదు.