చీరలా పరిచిన తెర

నాకు చదువు రాదు. తమిళంలో నా పేరు రాస్తాను. బస్సు మీద ఊరి పేరులో మొదటి అక్షరం చూసి ఎక్కుతాను. అంతే. ఇంట్లో మాట్లాడే తెలుగును ఏ బడీ నేర్పలేదు, అది రాయడం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను చెబుతున్నాను, రాయగలిగినవాళ్ళు రాస్తున్నారు. ఈ సంగతి మొదటే ఎందుకు చెబుతున్నానంటే, దీన్ని రెండేళ్ళు దాచిపెట్టి చెడ్డాను.

మాది విరుదునగర్ పక్కన నేతవాళ్ళ వీధి. ఇంట్లో ఒక మగ్గం. మా ఆయన చీర అంచులకూ బుటాలకూ కంప్యూటర్‌లో డిజైన్లు గీసేవాడు. గడుల కాగితం మీద గీసినట్టే తెర మీద ఒక్కో గడి నింపేవాడు. ఆ డిజైన్ విరుదునగర్‌కు పోతే అక్కడ దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టల దండ మగ్గం మీదికి ఎక్కితే గుడ్డలో పూవు దిగుతుంది. డిజైన్ ఇచ్చిన ఇంటికే ముదలాళి, అంటే మాకు పని ఇచ్చే షావుకారు, పావు పంపేవాడు. పావు అంటే చీరలకు సిద్ధం చేసి చుట్టిన పడుగు. అది రాకపోతే మగ్గం నిలబడిపోతుంది.

ఆ కంప్యూటర్ పెట్టె పాతది. కోవిల్‌పట్టిలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు, తమ్ముడనే పిలుస్తాను, దాంట్లో లినక్స్ వేసి ఇచ్చాడు, ముసలి పెట్టెకు అదే సుఖమని. మా ఆయనకు అది ఆట అయిపోయింది. ఈ వారం తెర వెనుక కొండ, వచ్చే వారం సముద్రం. కింద ఉండే పట్టీని పైకి ఎక్కిస్తాడు, పక్కకు తిప్పుతాడు, రంగు మారుస్తాడు. నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చూస్తూ తిట్టేదాన్ని.

"దానికి సింగారం చేసింది చాలు, వొచ్చి కండెలు చుట్టు."

"నీకు చేస్తే ఉండనిస్తావా నువ్వు?" అనేవాడు.

అలా తిట్టుకుంటూ చూసిందే నాకు చదువైంది.

ఒక ఉదయం ఆయన ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. పదహారో రోజు దాటాక ముదలాళి వచ్చాడు.

"ఏమ్మా, డిజైనంతా పెట్టెలో ఉండాది గదా. నీకు తీసేకి వొస్తుందా?"

"వొస్తుందన్నా" అన్నాను.

రాదంటే పావు నిలిచిపోతుంది. పావు నిలిస్తే మా ఆడబిడ్డలాగా నేనూ వెంబకోట్టై టపాకాయల ఫ్యాక్టరీ వ్యాను ఎక్కాలి. మా చిన్నమ్మ చేతులు అక్కడే కాలాయి. చాన్నాళ్ళు ఆమెకు అన్నం కలిపి నోట్లో పెట్టినదాన్ని నేను.

పెట్టె తెరిస్తే నలభైకి పైగా నీలం ఫోల్డర్లు, కింద ఇంగ్లీషు పేర్లు. ఒక్కోటి తెరిచి లోపల ఏ పూవుందో చూశాను. బీరువాలోని పాత చీరల మీద ఆ పూవును ఫోన్‌తో ఫోటో తీశాను. వైరు తగిలించి పెట్టెలోకి ఎక్కించి, ఫోల్డర్ బొమ్మ తీసేసి దాని చోట ఆ ఫోటో పెట్టాను. మూడు నెలలు పట్టింది. అన్నీ అయ్యాక వాటిని చీర పరిచినట్టు సర్దాను. పై వరసలో, కింది వరసలో అంచులు. కుడి చివర కొంగులు. నడుమ బుటాలు. కొండలూ సముద్రాలూ తీసేసి వెనుకంతా నల్లగా చేశాను, నలుపు మీద జరీ బాగా కనబడుతుందని. పేర్లు నాకెందుకని అక్షరాలను కంటికి ఆననంత చిన్నవి చేశాను.

మా ఆడబిడ్డ చూసి, "ఏమొదినా, పెట్టెకే చీర కట్టినావు. రవిక ఎప్పుడు కుట్టిస్తావు?" అంది. ఆయన పోయాక నేను నవ్వింది అప్పుడేననుకుంటాను.

రెండేళ్ళు ఒక్క తప్పు రాలేదు. ముదలాళి ఏది అడిగినా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని విరుదునగర్ బస్సెక్కేదాన్ని. చదువు రాదని ఆయనకు తెలియదు, కోవిల్‌పట్టి తమ్ముడికీ తెలియదు.

పోయిన నెల ముదలాళి హంస అంచు అడిగాడు. "బుధవారం మధ్యానం లోపల అట్టలు కొట్టేచోట ఇయ్యమ్మా. ఇచ్చినావంటే పావు నీకే. పెండ్లి చీరలు, ఆపేకి లేదు. లేకుంటే వేరే ఇంటికి పంపాల."

సోమవారం పెట్టె ముందు కూర్చున్నాను. హంసలు కింది అంచులో ఉండేవి. కింద పట్టీ ఉండటం వల్ల ఆ అంచుకు చోటు చాలక, హంసల వరస బుటాల్లోకి జరిగి కూర్చునేది. అది చాలారోజులుగా నా కంట్లో నలుసు. ఎలాగూ కూర్చున్నాను కదా, సరిచేద్దామని కోవిల్‌పట్టికి ఫోన్ చేశాను. చేయకుండా ఉండాల్సింది. హంసను తీసి ఇచ్చేసి, తర్వాత చేసుకోవాల్సింది.

"తమ్ముడూ, కింది పట్టీ దాక్కునేట్టు చేసేది ఎట్ట?"

"దాని మీద కుడి బటన్ నొక్కక్కా. లిస్టు వొస్తుంది. మూడోది నొక్కు."

మూడోది నొక్కాను. కింది నుంచి మూడోది. గడుల కాగితాన్ని మేము అడుగు వరస నుంచే చదువుతాం, గుడ్డ అడుగు నుంచే పెరుగుతుంది కాబట్టి. నా లెక్క ఏనాడూ పైనుంచి మొదలుకాలేదు. తెర ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఔనన్నాను. పట్టీ మాయమైంది. దాక్కుందేమోనని మౌస్‌ను కిందికి తోశాను, రాలేదు. గాభరాలో ఎక్కడపడితే అక్కడ నొక్కాను. ఏది తగిలిందో, బొమ్మలన్నీ ఒక్కసారిగా పోయాయి. ఉత్త నల్ల తెర. ఆయన ఇన్నేళ్ళు గీసినదంతా నా చేత్తో చెరిపేశాననుకున్నాను.

మంగళవారం పొద్దున్నే పెట్టెను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కోవిల్‌పట్టి బస్సెక్కాను. "పిల్లకు అర టిక్కెట్టామ్మా?" అన్నాడు కండక్టర్ తమిళంలో. దుప్పటి మూల తీసి పెట్టెను చూపించాను.

తమ్ముడు తీగలు తగిలించి చూశాడు. "ఏమీ పోలేదక్కా. ఫైలంతా బద్రంగా ఉండాది. పోయింది పై వేషం మట్టుకే."

నాకు ప్రాణం లేచి వచ్చింది.

"పాతదాని మాదిరే తేవాలంటే నేను కూచోని వెతకాల. మొత్తం కొత్తదాని మాదిరి చేసిస్తా, రెండు నిమిషం పని. నువ్వు పెట్టిన బొమ్మలు, రంగు పోతాయి. పేర్లుంటాయి గదా, చూసి మళ్ళీ సర్దుకుంటావు గదక్కా?"

లాప్‌టాప్‌లు పట్టుకుని ఇద్దరు టీచరమ్మలు నా వెనుక నిలబడి ఉన్నారు. చదువు రాదన్న మాట నాలుక మీదికి వచ్చింది. చెప్పి ఉంటే అతను కూర్చుని వెతికేవాడే. మంచివాడు.

"ఆ, చూసుకుంటా" అన్నాను.

అతను మీట నొక్కాడు.

ఇంటికొచ్చి తెరిస్తే వెనుక ఎవరిదో ఆకాశం. ఎడమ పక్క నుంచి నిలువు వరసల్లో నీలం ఫోల్డర్లు, అన్నిటిదీ ఒకే ముఖం. ఒక్కోదాంట్లో ఆయన మార్చి మార్చి గీసినవి ఐదారు. ఒక్కోటి తెరుచుకోవడానికి పెట్టె మూలుగుతూ ఎంతసేపో తీసుకునేది. పొద్దుగూకే వేళకు ఆడబిడ్డ వ్యాను దిగి వచ్చి తెరకు ముఖం ఆనించి చూసింది.

"నేను తమిళంలో ఐదో క్లాసు చదివినా వొదినా. ఇది ఇంగ్లీషు. నాకూ నీకూ ఒకటే."

బుధవారం మధ్యాహ్నానికి ఇరవై రెండు తెరిచాను. మామిడి, వంకీ, రుద్రాక్ష, మల్లెమొగ్గ. హంస లేదు. ఫోన్ మోగింది. ముదలాళి.

"ఏమ్మా, ఇంకా రాలేదంట?"

"అన్నా, నాకు చదవను రాదు."

"ఏంది?"

"పేర్లు చదివేకి రాదన్నా. బొమ్మలు పెట్టుకోని, బొమ్మలు చూసి ఇన్నినాళ్ళు ఇచ్చినా. అవి పోయినాయి."

అటుపక్క ఎవరో నూలు కట్టలు ఎత్తి వేస్తున్న చప్పుడు.

"సోమవారమే చెప్పుంటే మనిషిని పంపిందును గదమ్మా" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. తిట్టి ఉంటే బాగుండేది. "ఇప్పుడు పావు బండెక్కిపోయె. నేనేం చేసేది?"

హంసలు ఆ సాయంత్రం ముప్పై ఒకటో ఫోల్డర్‌లో దొరికాయి. జంటజంటగా, మెడలు తిప్పుకుని. వాటిని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎవరికి ఇవ్వాలి?

శుక్రవారం నుంచి ఆడబిడ్డతో వ్యాను ఎక్కుతున్నాను. ఆదివారాలు పెట్టె తెరిచి మళ్ళీ ఫోటోలు పెడుతున్నాను. మొదట హంసకు పెట్టాను, తర్వాత మిగిలిన అంచులకు. ఇప్పటికి తొమ్మిదయ్యాయి. ఎందుకు పెడుతున్నావు, మగ్గం మీద సాలెగూడు కట్టింది చూడు, అంటుంది ఆడబిడ్డ. ముదలాళి ఇంకో డిజైన్ అడుగుతాడేమో కదా. అడిగిన రోజున నా దగ్గర లేకపోతే?

టపాకాయలు చేసేచోటికి ఫోన్ తీసుకుపోనివ్వరు. పొద్దున గేటు దగ్గర డబ్బాలో వేసి లోపలికి పోవాలి. పగలు ఎవరు పిలిచినా నాకు తెలియదు. సాయంత్రం చేతులు రెండుసార్లు కడుక్కుని దాన్ని తీసుకుంటాను. మనం తీయని పిలుపుకు ఎర్ర గుర్తు ఉంటుంది, అది నాకు తెలుసు. వ్యాను కదిలేదాకా, కదిలాక కూడా, చూస్తూనే ఉంటాను. ఇన్ని రోజుల్లో ఒక్కటీ లేదు.