ట్రంకుపెట్టెతో పాటు నేను

నేను ఐదో తరగతిలో బడి మానేస్తే ఎవరూ బాధపడలేదు. ఆ సంతోషంలో పంతులు పిల్లలకు సగం పూట సెలవిచ్చాడని విన్నాను. నిన్న పంక్చర్ అంగడిలో కోసిన సైకిల్ ట్యూబు వాసన తగలగానే, నేను మొదటిసారి గెలిచిన రోజు గుర్తొచ్చింది.

బడి మానేసిన ఆ ఏడే నాయన పనికోసం ఆళ్లగడ్డ నుంచి మోటారు సైకిలు మీద హైదరాబాదుకు బయలుదేరాడు. వెనక ట్రంకుపెట్టె, దాని మీద పరుపుచుట్ట. ట్యూబు ముక్కలతో వాటిని బిగించింది నేనే.

"సామానుకే చోటు సాలదురా. నంద్యాలలో మీ అత్త ఇంటికాడ దిగిపో," అన్నాడు నాయన.

చోటు సామానుకే అయితే నేనూ సామానే కావాలనుకున్నాను. నాయనకూ పెట్టెకూ నడుమ ఎక్కి కూర్చుని, మిగిలిన ట్యూబును నడుముకు చుట్టి పెట్టెకు ముడేసి, పైన చొక్కా కప్పుకున్నాను.

నంద్యాలలో నాయన నన్ను దింపబోతే పెట్టె కూడా కదిలింది. "ఏందిరా ఇది?" అంటూ ముడి లాగాడు. అది రాలేదు. అత్త పగలబడి నవ్వి, "ఇంగ వాణ్ని పిల్చుకోని పో అన్నా," అంది. నాయన జేబులో చాకు ఉంది. దాన్ని ఎందుకు తీయలేదో నాకు పిల్లలు పుట్టాక తెలిసింది.

బండి కర్నూలు దారి పట్టగానే, "గెలిచితి కదా నాయనా!" అని అరిచాను.

"సామాను మాట్లాడదురా. గమ్మునుండు!"