మైనస్ మూడో రోజు

ఆ రోజుల్లో నాకు అసూయ ఉందని ఎవరైనా అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. దాన్ని న్యాయం కోసం తపన అనుకునేవాణ్ణి. వైట్‌ఫీల్డ్‌లో నా మొదటి ఉద్యోగం, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని. నాతోపాటే చేరింది కోలారు పిల్ల (అసలు పేరు వేరు, ఇది నేను మనసులో పెట్టుకున్నది). ఆరు నెలలయ్యాక మా ఇద్దరిలో ఒక్కరినే టీములో ఉంచుతామని, రెండోవాళ్లను కస్టమర్ల ఫోన్లెత్తే విభాగానికి పంపిస్తామని ముందే చెప్పారు. నేను మారతహళ్ళి పీజీ నుంచి బస్సులో వేలాడుతూ చేరేసరికి, ఆమె వర్తూరు నుంచి స్కూటీ మీద వచ్చి అప్పటికే రెండు తప్పులు పట్టేసి ఉండేది. మధ్యాహ్నం మా టీం లీడర్, అందరికీ లీడన్న, ఆమె డబ్బాలోని రాగిముద్ద తిని "సూపర్ అమ్మా!" అనేవాడు. మెచ్చుకున్నది ముద్దనో పనినో తెలియక నేను రెండింటికీ ఏడ్చేవాణ్ణి.

అప్పుడు మేం పరీక్షిస్తున్నది డ్యూటీ రోజులు లెక్కగట్టే ప్రోగ్రాం. ఈ వారం సోమవారం సున్నా, మంగళవారం ఒకటి, అలా ఆదివారం ఆరు. రోజు అంకెను ఏడుతో భాగిస్తే భాగఫలం వారాన్ని, శేషం రోజును చెబుతాయి. పది అంటే వచ్చేవారం గురువారం. వెనక్కి వెళ్లాలంటే మైనస్ అంకెలు. ఒక సోమవారం ఉదయం, ప్రోగ్రాంను పరీక్షించడానికి ఆమె రాసిన లెక్కలూ వాటికి రావాల్సిన జవాబులూ చూస్తుంటే నా ప్రాణం లేచొచ్చింది. మైనస్ మూడును ఏడుతో భాగిస్తే భాగఫలం మైనస్ ఒకటి, శేషం నాలుగు రావాలని రాసిపెట్టింది! మూడులో ఏడు ఎన్నిసార్లు పోతుంది? సున్నా సార్లు. శేషం మూడు, దాని ముందు మైనస్. అయిదో తరగతి లెక్క. (అయిదో తరగతిలో నాకు లెక్కల్లో బహుమతి వచ్చింది. ఆ సంగతి మెయిల్లో కూడా రాశాను.) పక్కసీట్లో ఉన్న మనిషిని ఒక్క మాట అడగకుండా, "ఇంత ప్రాథమికమైన పొరపాటు చూసి బాధ కలిగింది" అంటూ టీమందరికీ మెయిల్ కొట్టాను. బాధ మాట అబద్ధం. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా కలగలేదు.

గంటకు లీడన్న మీటింగు పెట్టి నన్ను బోర్డు దగ్గరికి పిలిచాడు.

"తమ్ముడూ, ఈరోజు మండే, జీరో. మూడు రోజుల ముందు ఏ రోజు?"

"శుక్రవారం అన్నా."

"దాని నంబరెంత?"

వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "నాలుగు," అన్నాను.

"ఈ వీకా, లాస్ట్ వీకా?"

"పోయిన... వారం అన్నా."

"అంటే మైనస్ వన్. శేషం ఎప్పుడూ సున్నాకీ ఆరుకీ మధ్యే తిరగాలి. నీ ఆన్సర్ ప్రకారం ఈ వీక్‌లోనే మైనస్ మూడో రోజు ఒకటుంది. ఆ రోజు డ్యూటీకి ఎవరొస్తారు, నువ్వొస్తావా?"

గది గొల్లుమంది. నవ్వనిది కోలారు పిల్ల ఒక్కతే. "నగొద్దన్నా, మైనస్ కాడ అందరికీ ఇట్లే అయితాది," అంది. మిగతావాళ్ల నవ్వులన్నీ కలిపినా నాకు అంత మండలేదు.

తల దించుకుని సీటుకొచ్చి చూస్తే, నా మెయిల్ వెళ్లిన అయిదు నిమిషాలకే ఆమె నాకొక్కడికే రాసిన జవాబు ఉంది. లీడన్న మెచ్చుకోలు కోసమే కాచుకు కూర్చున్న నా కంటికి అది ఆనలేదు. "క్యాలెండర్ ఒక్క తూరి చూడప్పా. నేను గూడా మొదట ఇట్లే రాసింటి. లీడన్న చూసే లోపలే మెయిల్ వాపస్ తీసుకో, నేనెవరికీ చెప్పను." చదివి సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది గానీ, ముందు వచ్చింది కోపమే. తెలివీ తనదే, మంచితనమూ తనదేనా? ఆమె కాస్త చెడ్డదైనా నేను హాయిగా ఏడ్చుకునేవాణ్ణి కదా!

టీములో చోటు ఆమెకే దక్కింది. నాకు హెడ్‌ఫోన్ ఇచ్చారు. థ్యాంక్స్ చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆమె అప్పటికి వేరే కంపెనీలో ఉంది. ఫోన్ చేసి, గొంతు సవరించుకుని, ఆ మెయిల్ గురించి మొదలుపెట్టాను.

"ఏ మెయిలప్పా?" అంది.

నేను రెండేళ్లు గుండెల మీద మోసినదాన్ని ఆమె ఎప్పుడో మరిచిపోయింది. ఆ మరుపును చూసి కూడా కాసేపు కుళ్లుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రవాడి మీద జాలేస్తుంది, నవ్వూ వస్తుంది.