జేబుల మాస్టారు

లోకంలో ఏ ముప్పు ముంచుకొచ్చినా మా మాస్టారు ముందు చేసే పని ఒక్కటే, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకోవడం. అలారం మోగినా, పంపు ఆగినా, ఒకసారి లిఫ్టులో మేమందరం ఇరుక్కుపోయినా సరే, ఆయన చేతులు జేబుల్లోంచి కదల్లేదు. మావి కూడా కదలనివ్వలేదు. "ముందు కళ్లు. తర్వాత బుర్ర. చేతుల సంగతి ఆఖర్న చూద్దాం" అనేవారు.

ట్రైనింగ్ సెంటర్లో ఆయన మాకు నేర్పే విద్య, పెద్ద పెద్ద ఆఫీసు భవనాలను తక్కువ కరెంటుతో నడపడం. ఈ కొత్త భవనాలు తమ పని తామే చూసుకుంటాయి. ఎండెక్కితే తెరలు దించుకుంటాయి, గదిలో మనుషులు లేకపోతే దీపాలు ఆర్పుకుంటాయి, ఎంత చల్లగాలి కావాలో అవే లెక్కేసుకుంటాయి.

"మరి మధ్యలో మనమెందుకు సార్?" అని మొదటిరోజు మధ్యాహ్నం వెనక బెంచీవాడు అడిగాడు.

"వాటిని చెడగొట్టకుండా ఉండటానికి. ఎవరో వచ్చి ఉక్కపోస్తోందంటారు. మనం మిషను లెక్క పక్కనపెట్టి, మన చేత్తో నడిపే మాన్యువల్ బటన్ నొక్కేస్తాం. వాళ్లు థాంక్స్ చెప్తారు, మనం ఇంటికెళ్లి పడుకుంటాం. బటన్ సంగతి ఎవడికీ గుర్తుండదు. రాత్రంతా ఖాళీ కుర్చీలకి ఏసీ. ఊరుకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేదని ఊరికే అన్నారా?"

ఆ మాటతో బట్టతల నిమురుకోబోయి, చేతులు జేబుల్లో ఉన్నాయని గుర్తొచ్చి ఆగిపోయారు. అప్పటినుంచి తల దురద పెడితే ఆయన గోడకేసి రుద్దుకోవడం మేం చూశాం.

మా బ్యాచ్‌లో ఒక్కతే అమ్మాయి, అంతకుముందు నర్సుగా పనిచేసింది. "సార్, నా డ్రెస్సుకి జేబుల్లేవు" అంది, తప్పించుకోవచ్చనే ఆశతో.

"కుట్టించుకో అమ్మా."

"అప్పటిదాకా?"

మాస్టారు తన కోటు విప్పి ఇచ్చారు. అది ఆమెకి మోకాళ్లు దాటింది. పాపం, దర్జీ జేబులు కుట్టి ఇచ్చేదాకా ఆ గుడారంలోనే పాఠాలు విన్నది.

అందరూ ఈ రూలుని తిట్టుకునేవాళ్లు. నేను మాత్రం లోలోపల దణ్ణం పెట్టుకునేవాణ్ణి. ఎవరైనా చూస్తుంటే నా చేతులు వణుకుతాయి. ఒంటరిగా వదిలేస్తే సన్న సూదిలోనైనా దారం ఎక్కిస్తాను, వెనక మనిషి నిలబడ్డాడంటే చేతిలో స్క్రూడ్రైవర్ నిలవదు. అంతకుముందు రెండు ఉద్యోగాలు అలాగే ఊడాయి. ఉంటున్నది అక్కావాళ్లింట్లో. "ఈ పరీక్ష కూడా పోయిందా, నోరు మూసుకుని నా గోడౌన్‌లో మూటలు లెక్కెట్టుకో" అన్నాడు బావ. అక్క నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. నాకదే ఎక్కువ బాధేసింది. వణుకు సంగతి సెంటర్లో ఎవరికీ చెప్పలేదు. జేబుల పుణ్యమా అని చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

పరీక్ష నిజం భవనంలో, పనివేళల్లో. పాసైతే అక్కడే ఉద్యోగం. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ సరిగ్గా మన వీపు వెనకే నిలబడతారు. నాకంటే ముందు వెళ్లిన వెనక బెంచీవాడు కంగారులో బటన్ నొక్కి, ఫెయిలై, మొహం వేలాడేసుకుని బయటికొచ్చాడు.

నేను కంట్రోల్ రూములో అడుగుపెట్టానో లేదో కంప్యూటర్ తెర మీద నాలుగో అంతస్తు ఎర్రబడింది. హాల్లో ముప్పై ఒక్క డిగ్రీలు, చల్లగాలి ఇంకా పెంచుతున్నానని చెబుతోంది మిషను. ఆ వెంటనే గోడకున్న స్పీకరు ఫోన్లో గొంతు ఖంగుమంది. నాలుగో అంతస్తు మేనేజరు.

"ఏమయ్యా, ఇక్కడ చలికి చచ్చిపోతున్నాం. మా అకౌంటెంటు కిటికీ తెర ఊడదీసి కప్పుకున్నాడు. ఆపుతారా, మమ్మల్ని ఇంటికెళ్లిపోమంటారా?"

మిషనేమో వేడి అంటుంది, మనిషేమో చలి అంటాడు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్క.

"ఊఁ, ఏం చేస్తావు?" అన్నారు ఎగ్జామినర్, మెడ మీద ఊపిరి తగిలేంత దగ్గర్నుంచి.

జేబులో నా చేతులు మొదలెట్టాయి. గలగలమని చప్పుడు.

"ఏంటా చప్పుడు?"

"తాళాలు సార్."

మాన్యువల్ బటన్ ఎదురుగానే ఉంది. నొక్కితే గాలి ఆగుతుంది, ఫోనూ ఆగుతుంది. నొక్కితే ఉద్యోగం పోతుంది. నొక్కకపోతే ఏమవుతుందో తెలీదు. 

"పైకెళ్లి చూస్తాను సార్" అన్నాను ఎలాగో.

లిఫ్టు బటన్ మోచేత్తో నొక్కాను. ఎగ్జామినర్ నన్ను వింతగా చూశారు. పైన హాల్లో మనుషులు మఫ్లర్లు చుట్టుకుని పనిచేస్తున్నారు. చేతులు జేబుల్లో పెట్టుకుని, గోడల వెంట మెల్లగా తిరిగాను. గది వేడిని కొలిచే చిన్న తెల్లడబ్బా గోడకుంది. సరిగ్గా దాని కింద బల్ల మీద కరెంటు కెటిల్, బుసబుసా ఆవిరి కక్కుతూ.

"ఇదెప్పుడు పెట్టారండీ?"

"పొద్దున్నే. కాస్త చల్లగా ఉంటే, వేడినీళ్లు తాగుదామని" అన్నాడు మేనేజరు. "పెట్టిన దగ్గర్నుంచీ చలి ఇంకా ఎక్కువైంది. అందుకే ఆపకుండా కాస్తూనే ఉన్నాం."

"సార్, ఆ కెటిల్ ఆపేసి పక్కకి జరుపుతారా?" అని ఎగ్జామినర్‌నే అడిగాను.

"నేనా?"

"మీ చేతులు ఖాళీగా ఉన్నాయి కదా సార్."

 ఆయన స్విచ్చి ఆపి, కెటిల్‌ని పక్కకి జరిపారు. ఇక మిగిలింది ఎదురుచూడటమే. డబ్బా మీద అంకె కదల్లేదు. "బటన్ నొక్కితే పోయేదానికి" అని గొణిగాడు మేనేజరు. ఎగ్జామినర్ గడియారం చూసుకున్నారు. ఎప్పుడొచ్చారో, గుమ్మంలో మాస్టారు చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు. లోపల పిడికిళ్లు బిగించారని ప్యాంటు చూస్తేనే తెలుస్తోంది.

ముప్పై ఒకటి ముప్పై అయింది. ఇరవై తొమ్మిది. ఆ తర్వాత గబగబా దిగింది. పైకప్పులో గాలి హోరు తగ్గింది. అకౌంటెంటు తెర విప్పి మడతపెట్టాడు.

"పాస్" అని ఎగ్జామినర్ చెయ్యి చాపారు. ఆ ఒక్కసారికి జేబులోంచి తియ్యక తప్పలేదు. ఎంత వణికిందంటే, ఆయన తనే ఊపుతున్నాననుకున్నారు.

ఆ సాయంత్రం పాసైనవాళ్లమూ, మళ్లీ రాయాల్సిన వెనక బెంచీవాడూ కలిసి మిఠాయి పట్టుకుని మాస్టారింటికి వెళ్లాం. ఆయన భార్య మమ్మల్ని చూసి హమ్మయ్య అనుకుంది.

"మీ బ్యాచ్ అయిపోయిందిగా బాబూ, ఇక ఈయన జేబుల్లోంచి చేతులు తీస్తారా? మొన్న పాలు పొంగుతుంటే ఎదురుగా నిలబడి చూశారు."

"అలవాటు కావద్దూ. ఇంట్లో ఒకలా, క్లాసులో ఒకలా ఉంటే పిల్లలు నమ్మరు" అన్నారు మాస్టారు.

"పోయిన బ్యాచ్‌కేమో ప్రతి మాటా రెండుసార్లు అరిచి చెప్పేవారు. అన్నం పెట్టు, అన్నం పెట్టు అని వీధి చివరిదాకా. ఎవరో కుర్రాడికి సరిగ్గా వినపడదట. వాడొక్కడికీ చెప్తే చిన్నబుచ్చుకుంటాడని అందరికీ రూలు పెట్టారు. మరి మీలో ఎవరికోసమో ఈ జేబులు, అడిగితే చెప్పరు."

నాకు మొదటిరోజు ఉదయం గుర్తొచ్చింది. అందరిచేతా తలా ఒక స్క్రూ బిగింపించారు. నాది మూడుసార్లు కిందపడింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారులే అనుకున్నాను. జేబుల రూలు వచ్చింది ఆ మధ్యాహ్నమే.  మా పిచ్చి మాస్టారు నా ఒక్కడి పరువు కోసం ఇంతమందిచేత తిట్లు తిన్నారన్నమాట.

ఆవిడ నా చేతికి కాఫీ ఇచ్చింది. కప్పు సాసరులో టకటకలాడింది. నర్సమ్మాయి మిఠాయి డబ్బా కేసి చూసింది, మాస్టారు ఫ్యాను కేసి చూశారు.

"సోమవారం నుంచి కొత్త బ్యాచ్ అట" అంది ఆవిడ. "ఈసారైనా గిన్నెలు తోమే రూలు పెట్టుకోండి. ఏం రూలు పెడతారో ఇప్పుడే చెప్తే నేను సిద్ధంగా ఉంటాను."

"ఇప్పుడే ఎలా తెలుస్తుందే?" అన్నారు మాస్టారు. "ముందు వాళ్లొచ్చి కూర్చోవాలి కదా."