సాంబారును అనుమానించిన తిమ్మరాయప్ప

తిమ్మరాయప్పకు అనుమానం. ఫలానా దాని మీద అని కాదు, అన్నిటి మీదా. బాగలూరులో హోసూరు బస్సు ఎక్కే ముందు "ఇది హోసూరికేనా?" అని డ్రైవరును, కండక్టరును, కనిపించిన ప్రయాణికులను విడివిడిగా విచారించేవాడు. అందరూ ఒకే మాట చెబితే, కూడబలుక్కున్నారని ఆ బస్సు వదిలేసేవాడు.

ఎనభై ఒకటిలో మా ఫ్యాక్టరీలో క్యాంటీను కమిటీ పెట్టారు. భోజనం సంగతులు యాజమాన్యం, కార్మికులు కలిసి కూర్చుని తేల్చుకోవాలట. కార్మికుల తరఫున తిమ్మరాయప్ప, నేను గెలిచాం. ఎనిమిదిలోనే బడి మానేశాను కాబట్టి ఆ గదిలో బుర్ర చెడనివాణ్ణి నేనొక్కణ్ణే.

మొదటి మీటింగులోనే తిమ్మరాయప్ప బల్ల గుద్ది, మనిషికి రెండు వడలు కావాలన్నాడు. మేనేజరు కోదండరామయ్య "సరే, ఇద్దాం" అన్నాడు.

తిమ్మరాయప్ప ముఖం మాడిపోయింది. "ఎందుకు ఒప్పుకొంటిరి సార్?"

"మీరే కదయ్యా అడిగింది!"

"అడిగితే ఇచ్చేస్తారా? దీంట్లో ఏమో ఉంది. మాకు ఒక వడే చాలు!"

ఆ సాయంత్రం కార్మికులు ఆయన్ను తరిమారు. నేను అడ్డుపడకపోతే జూజువాడి చెక్‌పోస్టు దాటి కర్ణాటకలో తేలేవాడు.

అది మొదలు, రోజూ భోజనం గంటకు ముందే వంటగదిలో దూరేవాడు. వంటచేసే మారక్క గరిటె ఎత్తేది.

"మళ్ళా వచ్చినావా అప్పా? నేనేమన్నా విషం కలుపుతానా?"

"ఉప్పు యాడ దాచిపెట్టినావమ్మా? ఇంకో పిడికెడు వేయి, నా కళ్ళ ముందర!"

ఆమె గొణుక్కుంటూ వేసేది. ఆమెను ఇలా వేధిస్తాడేమిటని మాకందరికీ మంట.

ఒక మీటింగులో మేనేజరు అన్నాడు: "జ్వరం వచ్చిపోయినప్పటి నుంచి మారక్క నాలుకకు ఉప్పు తెలియడం లేదంట. పోయిన సోమవారం సాంబారు నోట పెట్టలేకపోయాం. ఆమెను మాన్పించి వంట కాంట్రాక్టరుకు ఇద్దాం. ఏమంటారు?"

మారక్కకు ఆ జీతమే ఆధారం. ఫ్యాక్టరీ గోడలు అదిరే ప్రసంగానికి నేను గొంతు సవరించుకునేలోపే తిమ్మరాయప్ప లేచాడు.

"ఒక్క దినం సాంబారు చూసి మనిషిని పంపిస్తారా? ఈపొద్దుది తెప్పించండి. తాగి చూసి తేల్చుదాం."

మేనేజరు బంట్రోతును పిలిచాడు.

"ఆయప్ప తేకూడదు! దారిలో మీవాళ్ళు ఏమన్నా కలిపేస్తే? నేనే తెస్తా."

"తెండయ్యా!" మేనేజరు తల పట్టుకున్నాడు.

నేనూ వెంట పోయాను. ఆయన మీద నాకు అనుమానం మరి.

వంటగదిలో గరిటెడు సాంబారు నోట్లో పోసుకుని అరిచాడు. "చప్పిడి! ఉప్పు మిగిలిచ్చి ఇంటికి మోసుకుపోతావా? వేయమ్మా రెండు పిడికిళ్ళు!"

మారక్క వేసింది. ఆయన కలిపి, మళ్ళీ రుచి చూసి, తృప్తిగా తలాడించి బకెట్టు ఎత్తుకున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. సోమవారం ఈయన కృష్ణగిరిలో పెళ్ళికని సెలవు పెట్టాడు!

మేనేజరు గిన్నె మీద గిన్నె తాగాడు. మారక్క ఉండాలని అందరం చేతులెత్తాం. సాంబారు చేత్తోనే మేనేజరూ ఎత్తాడు.

మరునాడు తిమ్మరాయప్ప వంటగదిలో అడుగు పెట్టేసరికి, మారక్క పొయ్యి పక్కన పీట వేసి ఉంచింది.

"కూచో అప్పా," అంది నవ్వు ఆపుకుంటూ. "దినామూ నిలబడి అనుమానపడితే కాళ్ళు నొస్తాయి."